మావాళ్ళెవరూ రాలేదన్న రోజు

రాజాంలో నా కొట్టుకొచ్చే ప్రతివాళ్ళూ నన్నేదో ఒకటి అడుగుతారు. ఈ గుండిగలో ఎంతమందికి అన్నం ఉడుకుతుందని, గిన్నె అడుగు ఇంత పలచగా ఉందేమిటని, పక్క కొట్టువాడు ఎప్పుడు తీస్తాడని. మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని కూడా అడుగుతారు. కానీ విజయనగరం అవతల ఒక కాలేజీ మైదానంలో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, రాక్ బ్యాండ్ల ఎదురుగా నేనొక్కడినే నిలబడిన రోజు గురించి ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. మా చెల్లెలు అడగలేదు. బావ అడగడు, ఆయన సంగతి వేరు. ఎవరి కోసం నిలబడ్డానో ఆ నా మేనల్లుడు అసలే అడగలేదు. అడిగితే చెబుదామని ఇన్నేళ్ళు ఊరుకున్నాను. ఇక అడగరని తేలిపోయింది కనక అడక్కుండానే చెబుతున్నాను.

అది హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయిన తరవాతి మాఘమాసం. నాది స్టీలు సామాన్ల కొట్టు. మాఘం అంటే పెళ్ళిళ్ళ రోజులు, సారె సామాను కొనేవాళ్ళు పల్లెల నుంచి ఆటోలు కట్టుకుని వస్తారు. అలాంటి నెలలో ఆదివారం పూట కొట్టు మూసినవాణ్ణి రాజాం బజారు మొత్తంలో నేనొక్కడినే. ఎందుకు మూశావని కూడా ఎవరూ అడగలేదు.

ముందు మేనల్లుడి గురించి చెప్పాలి. మా చెల్లెల్ని అరసవల్లిలో ఇచ్చాం. బావకి గుడి దగ్గర లాడ్జి ఉంది. వాళ్ళకి ఒక్కడే కొడుకు. నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదన్నది వేరే ఫిర్యాదు, దాన్ని ఇందులో కలపను. వేసవి సెలవులు ఇవ్వగానే వాణ్ణి మా చెల్లెలు బస్సెక్కించి పంపేసేది. వాడికి ఎడమచేతి వాటం. లాడ్జిలో వాడు ఎడమచేత్తో నీళ్ళ గ్లాసు అందిస్తే యాత్రికులు మొహం చిట్లిస్తారని బావ వాడి చేతి మీద స్కేలుతో కొట్టేవాడు. నా కొట్లో ఆ గొడవ లేదు. గిన్నెలన్నీ పెద్దదాని నుంచి చిన్నదాని దాకా బోర్లించుకుని, రెండు గరిటెలు తిరగేసి పట్టుకుని, ఎడమచేత్తో మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా వాయించేవాడు. బేరానికొచ్చిన ఆడవాళ్ళు చెవులు మూసుకునేవారు. "సావుకారూ, మేం గిన్నెలు కొనాలా, ఈ గుంటడి సప్పుడు కొనాలా?" అని ఒకావిడ అననే అంది. నేను వాణ్ణి ఆపలేదు. ఆవిణ్ణి పక్క కొట్టుకి వెళ్ళమన్నాను. వెళ్ళింది కూడా.

తరవాత బావ లాడ్జి మీద ఇంకో అంతస్తు వేసి గృహప్రవేశం చేశాడు. పుట్టింటివాణ్ణి కనక చెల్లెలికీ బావకీ బట్టలు, పెద్ద ఇత్తడి గంగాళం పట్టుకెళ్ళాను. భోజనాల దగ్గర చదివింపులు మొదలయ్యాయి. ఎవరు ఏం ఇచ్చారో మైకులో పేరుపేరునా చదవడం మా వైపు ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. పుట్టింటివారిది ముందు చదవాలి. చదవలేదు. పాలవాడిది చదివారు. లాడ్జికి దుప్పట్లు ఉతికేవాడిది చదివారు. చివరికి మైకు కట్టేశారు. నా గంగాళం గుమ్మం పక్కన మెరుస్తూ ఉంది, అందులో ఎవరో విస్తరాకులు పెట్టారు. బావని అడిగాను.

"నువ్వు ఇంటోడివే కదేటి, బావా! ఇంటోడిది మైకులో సదివించుకుంటామేటి?" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. భోజనం చెయ్యకుండా వచ్చేశాను. ఆ తరవాత రాకపోకలు లేవు. చెల్లెలు పండక్కో పబ్బానికో ఫోను చేసేది, కానీ ఆ మాట ఎత్తేది కాదు. మేనల్లుడు సెలవులకి రావడం మానేశాడు. వాణ్ణి మాన్పించారో, వాడే మానుకున్నాడో నాకు తెలీదు. ఇంజినీరింగులో చేరాడని కూడా నాకు బయటివాళ్ళే చెప్పారు.

ఆ మాఘంలో బస్టాండు గోడ మీద నల్ల పోస్టరు ఒకటి చూశాను. రోజంతా రాక్ సంగీతమట, విశాఖపట్నం నుంచి, బరంపురం నుంచి, హైదరాబాదు నుంచి బ్యాండ్లు వస్తున్నాయట. కింద చిన్న చిన్న ఫొటోల్లో ఒకడు ఎడమచేత్తో కర్ర పైకెత్తి ఉన్నాడు. గడ్డం పెంచాడు, జుట్టు పిలకలా కట్టాడు. అయినా చెయ్యి మారదు కదా.

నన్ను పిలవలేదు. పిలవని పేరంటానికి వెళ్ళే అలవాటు మా వంశంలో లేదు. రెండు రోజులు ఆ గోడ పక్క నుంచి కాకుండా వేరే సందులోంచి కొట్టుకి వెళ్ళాను. తరవాత ఒక సంగతి తట్టింది. ఆ ఆదివారం మాఘ ఆదివారం. అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి దర్శనానికి జనం విరగబడతారు. ఆ రోజు లాడ్జి వదిలి బావ కదలడు, చెల్లెల్ని కదలనివ్వడు. అంటే వాడు మొదటిసారి అంతమంది ముందు వాయిస్తుంటే ఇంటి నుంచి చూసేవాడు ఒక్కడూ ఉండడు. పుట్టువెంట్రుకలు తీసినప్పుడు వాడు కూర్చున్నది నా ఒళ్ళో. చెవులు కుట్టించినప్పుడు కూర్చున్నది నా ఒళ్ళో. వాడి జీవితంలో ఏది మొదటిసారి జరిగినా మేనమామ ఉండాలి. పిలవడం పిలవకపోవడం వాళ్ళ మర్యాద, వెళ్ళడం నా బాధ్యత. అలా అనుకుని వాడికి ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ, ఒక జరీ కండువా కొన్నాను. అరటిపళ్ళు, కొబ్బరికాయ సంచిలో వేసుకున్నాను. వాయించడం అవగానే స్టేజీ మీదకి వెళ్ళి బట్టలు పెట్టి ఆశీర్వదించాలని నా ఉద్దేశం. ఏ సభలోనైనా చేసేది అదే.

చీపురుపల్లి మీదుగా వెళ్ళే పొద్దుటి బస్సెక్కాను. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి, షేరాటోలో కాలేజీకి చేరాను. గేటు దగ్గర ఒక అమ్మాయి నా చేతికి కాగితం పట్టీ చుట్టింది.

"పేరెంటా, అంకుల్?"

"కాదమ్మా, మేనమామని."

"అంటే గార్డియనా?"

"మేనమామ అంటే మేనమామే."

ఆ అమ్మాయి ఎవర్నో అడిగి వచ్చి, "జనరల్‌లోకి వెళ్ళిపోండి అంకుల్," అంది. సెక్యూరిటీ అతను సంచి వెతికి కొబ్బరికాయ తీసేశాడు. లోపల ఎవరి మీదైనా విసురుతానట. "బాబూ, ఇది మేనల్లుడికి తాంబూలంలోకి," అన్నాను. "పోనీ కొట్టి ముక్కలు తెచ్చుకోవాల్సింది, మావా," అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఆ కాయ హెల్మెట్ల మధ్య టేబులు కింద పెట్టాడు.

మైదానంలో నీడ లేదు. తుఫానుకి కాలేజీ చెట్లన్నీ కూలిపోయి, మొదళ్ళు కోసిన గుర్తులు నేల మీద గుండ్రంగా కనిపిస్తున్నాయి. నేను వెళ్ళేసరికి స్టేజీ మీద ఇద్దరు కుర్రాళ్ళు వాయిస్తున్నారు. కాసేపు గిటారు, కాసేపు ఒక్క దెబ్బ డోలు, మళ్ళీ ఆపడం, మళ్ళీ అదే దెబ్బ. ఇదేం పాటో అనుకుంటూనే, వాళ్ళు దిగుతుంటే చప్పట్లు కొట్టాను. మైదానంలో వినిపించినవి నా చప్పట్లే. అవి పాటలు కావట, సౌండు సరిచూసుకోవడమట. ఆ సంగతి ముందే ఒక బోర్డు మీద రాసి పెడితే వీళ్ళ సొమ్మేం పోయింది?

జనం నెమ్మదిగా వచ్చారు. అందరివీ నల్ల బనీన్లే. నా తెల్లచొక్కా అక్కడ దూరం నుంచి కనిపించి ఉండాలి. ఆ మాట గుర్తు పెట్టుకోండి అని చెప్పను గాని, నాకు మాత్రం గుర్తుంది.

మొదట బరంపురం కుర్రాళ్ళు ఎక్కారు. తమలో తాము ఒడియాలో మాట్లాడుకుంటూ, మైకులో తెలుగూ ఇంగ్లీషూ కలిపి పలకరించారు. పాడేవాడు నడుం దాకా వంగి, మైకుని రెండు చేతులా పట్టుకుని గర్జించాడు. నా పక్కనెవరో, "కడుపునొప్పేటి ఆ గుంటడికి?" అన్నారు.

తిరిగి చూస్తే లుంగీ కట్టుకున్న రైతు. మైదానం పక్క పొలం అతనిదేనట. వరి కోసేశాక ఆ మడిని బళ్ళు పెట్టుకోడానికి కాలేజీ వాళ్ళు అడిగారట. "ఈయేడు అపరాలు సల్లకుండా ఒగ్గేసినాను. డాన్సు బేబీలుంటారనుకున్నాను. ఈ కేకలేటి, సావుకారూ?"

"నేను షావుకార్నని ఎలా తెలిసింది?"

"సంచి అలా సంకలో పట్టుకునోలు ఇంకెవులుంటారు! ఎవులికోసం వచ్చినావు?"

"మా మేనల్లుడు వాయిస్తాడు. డ్రమ్సు."

"మేనమామవా? మరి ముందల కూకోబెట్టలేదేటి? పందిట్లో అయితే మొదటి పీట నీదే. ఇక్కడ కూకోడానికి ఇటికముక్కయినా ఇయ్యనేదు." చుట్ట ముట్టించి, నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "పిలిసినారా, నువ్వే వచ్చినావా?"

నేను సంచి రెండో చంకలోకి మార్చుకున్నాను.

"పోన్లే," అన్నాడు. "నన్నూ పిలవనేదు. నా పొలం, నా గట్టు, నా గేదెలు బెదిరి పాలు ఎగబెట్టేస్తన్నాయి, అయినా నన్నూ పిలవనేదు."

ఆ రోజు నాకు దొరికిన సావాసం ఆ మనిషే. రెండో బ్యాండులో ఒక అమ్మాయి తనకన్నా పొడుగున్న గిటారు పట్టుకుని, ఎవరివైపూ చూడకుండా, నేల చూపులు చూస్తూ వాయించింది. అది లావు తీగల గిటారట. ఆ మోత చెవిలోకి రాలేదు, పక్కటెముకల్లోకి వచ్చింది. చంకలో సంచి కూడా అదిరింది. రైతు గుండె మీద చెయ్యి వేసుకుని, "ఇదిగో, ఈ పిల్ల మంచిది. అరవడం నేదు, లోపలికొచ్చి తడతాంది," అన్నాడు. నాకూ నచ్చింది. నచ్చిందని పక్కవాడితో అనుకోవడానికి ఒక మనిషి ఉండడం ఎంత పెద్ద సంగతో నాకు అప్పుడు తెలిసింది. సాధారణంగా నాకేదైనా నచ్చితే కొట్టు షట్టరుకి చెబుతాను.

మధ్యాహ్నం అతను గేదెలకి నీళ్ళు పెట్టాలని వెళ్ళాడు. మళ్ళీ వస్తానన్నాడు, రాలేదు. అతని మీద నాకు కోపం లేదు. వస్తానని చెప్పి రానివాళ్ళు నాకు కొత్త కాదు.

తినడానికి అక్కడ గుడ్డు వేసిన నూడుల్సు, చికెను రోల్సు. మాకు అవి పనికిరావు. చివరికి సైకిలు మీద మరమరాల మిక్చరు అమ్మేవాడు దొరికాడు. అది తింటూ స్టేజీ ముందుకొచ్చాను. ఎండకి జనమంతా తిండి దుకాణాల గుడారాల కిందికి పోయారు. స్టేజీ మీద ఒకే ఒక్కడు కుర్చీలో కూర్చుని, మామూలు చెక్క గిటారుతో, గొంతు ఎత్తకుండా పాడుతున్నాడు. భాష ఇంగ్లీషు. నాకు ఒక్క మాట అర్థం కాలేదు. కానీ ఎవరూ వినని చోట పాడుతున్న మనిషి గొంతు ఎలా ఉంటుందో నాకు అర్థమవుతుంది. ఆ పెద్ద మైదానం మధ్యలో అతను, నేను, అరుగుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చిన నల్లటి స్పీకర్లు. పాట అయ్యాక చప్పట్లు కొట్టాను, ఈసారి ఇది పాటే అని ఖాయం చేసుకుని. అతను కళ్ళు చికిలించి చూసి, మైకులో, "థాంక్యూ సర్," అన్నాడు. ఇంకో పాట పాడాడు. అదీ విన్నాను. అది కూడా అవగానే నాకు నమస్కారం పెట్టి దిగిపోయాడు.

అతనెవరో నాకు తెలీదు. ఆ రోజు మైకులో నన్ను ఉద్దేశించి మాట్లాడినవాడు మాత్రం అతనొక్కడే.

తరవాత చదివింపుల సంగతి కనుక్కుందామని స్టేజీ వెనక మెట్ల దగ్గరికి వెళ్ళాను. ఎవరి తరవాత ఎవరో మైకులో చెప్పే కుర్రాడు అక్కడ ఐస్‌క్రీం తింటున్నాడు. పోస్టరులో ఉన్న బొమ్మ గురించి చెప్పి, ఫలానా బ్యాండులో డ్రమ్సు వాయించేవాడికి నేను మేనమామనని, బట్టలు తెచ్చానని, వాయించడం అవగానే చదివించాలని చెప్పాను.

"ఏం చదవాలి అంకుల్?"

"మేనమామ గారు బట్టలు పెడుతున్నారని ఒక ముక్క మైకులో చదవండి. నేను పైకి వచ్చి పెట్టేసి దిగిపోతాను."

అతను నవ్వు ఆపుకోడానికి ఐస్‌క్రీం వైపు చూశాడు. "అంకుల్, ఇది రాక్ షో. పెళ్ళి కాదు."

"పెళ్ళి కాకపోతే? అరంగేట్రానికి పెట్టరా? ఇది వాడికి అరంగేట్రం కాదా?"

"సరే, వాళ్ళది అయ్యాక చూద్దాం అంకుల్," అన్నాడు.

చూద్దాం అన్న మాట నమ్మి వచ్చి నా చోట్లో నిలబడ్డాను. నమ్మడం నా తప్పు కాదు. అలా అనడం అతని తప్పు.

పొద్దు వాలుతుండగా వాడి బ్యాండు వంతు వచ్చింది. ముందు వాయించిన వాళ్ళ డ్రమ్ములు అలాగే ఉంచి వాయించెయ్యొచ్చు. కానీ మావాడిది ఎడమచెయ్యి కనక కుడివైపువన్నీ ఎడమవైపుకీ, ఎడమవైపువన్నీ కుడివైపుకీ మార్చాలి. ఇద్దరు మోస్తుంటే మరో ఇద్దరు మరలు బిగిస్తున్నారు. ఆలస్యమయ్యేసరికి జనం గోల పెట్టారు. ఈలలు వేశారు. "రైట్ హ్యాండ్ లేదేట్రా?" అని ఎవడో అరిచాడు. నాకు మాత్రం ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. స్కేలు దెబ్బలు తిన్న చెయ్యి కోసం మైదానం మొత్తం ఆగింది. ఆ మాట పక్కవాడితో అందామని చూశాను. రైతు ఇంకా రాలేదు.

వాడొచ్చి కూర్చున్నాడు. ఎంత ఎదిగాడో! భుజాలు బావవి, నుదురు మా చెల్లెలిది. రెండు కర్రలూ ఒకదానికొకటి కొట్టి మొదలెట్టాడు. మిగతా బ్యాండ్ల డ్రమ్ములు దూరంగా ఎక్కడో ఉరిమినట్టు ఉంటే, వీడిది దగ్గరగా, ఇంట్లో ఎవరో పరుగెత్తినట్టు ఉంది. కళ్ళు మూసుకుని వాయించాడు. పెదవి కొరుక్కోవడం చిన్నప్పటి అలవాటే, పోలేదు. చుట్టూ ఉన్న పిల్లలు గెంతుతున్నారు, తలలు విదిలిస్తున్నారు. నేను కదలకుండా నిలబడ్డాను. నా పాదం మాత్రం దానంతట అది లేచిపోతుంటే రెండో పాదంతో తొక్కిపట్టాను. వాడు కళ్ళు తెరిస్తే నేను గంభీరంగా కనిపించాలి కదా, అలిగి ఉన్నవాణ్ణి.

మూడు పాటలయ్యాయి. అప్పుడు పాడేవాడు వెనక్కి తిరిగి మైకు మావాడికిచ్చాడు. వాడు చెమట తుడుచుకుని మాట్లాడాడు. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఇది లాస్ట్ సాంగ్. మా ఇంట్లోవాళ్ళ కోసం. వాళ్ళెవరూ రాలేదులెండి. ఈరోజు మాఘ ఆదివారం కదా, మా నాన్నకి లాడ్జి ఫుల్లు."

జనం నవ్వారు.

"మావాళ్ళు ఒక్కరైనా ఉంటే బాగుండేది. పర్లేదు, మీరున్నారు."

జనం హోరెత్తిపోయారు. నేను సంచిలోంచి జరీ కండువా లాగి పైకెత్తి ఊపాను. "ఒరే, నేనున్నాన్రా! మావయ్యన్రా! ఇక్కడున్నాను!" అని అరిచాను. జీవితంలో నేను అంత గట్టిగా అరవలేదు. గృహప్రవేశం రోజు కూడా అరవలేదు. నా పక్క కుర్రాడు నన్ను చూసి, "సూపర్ అంకుల్!" అని తనూ రెండు చేతులెత్తి ఊపాడు. వాణ్ణి చూసి ముందువాళ్ళు, వాళ్ళని చూసి వెనకవాళ్ళు. క్షణంలో నా చుట్టూ అన్నీ చేతులే. ఆ చేతుల అడివిలో నా చెయ్యి ఏదో నాకే తెలియలేదు.

వాడు ఇటు చూశాడు. సరిగ్గా నేనున్న వైపే. ఎడమచేతి కర్ర ఎత్తి ఇటు చూపించి నవ్వాడు. నా చుట్టూ ఉన్న ప్రతివాడూ అది తనకే అనుకుని కేక వేశాడు. నేనూ అనుకున్నాను. తరవాత కర్రలు కొట్టుకుని పాట మొదలెట్టేశాడు.

ఆ పాట నేను వినలేదు. అక్కడే ఉన్నాను, కానీ వినలేదు. ఒకటే లెక్క తిరుగుతోంది నా బుర్రలో. ఇంటివాణ్ణి కనక మైకులో చదవక్కర్లేదని తండ్రి అన్నాడు. ఇంటివాళ్ళు ఒక్కరూ రాలేదని కొడుకు మైకులో చెప్పాడు. అక్కడ ఇంటివాణ్ణి, ఇక్కడ కాను. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజం కావాలి, కానీ రెండూ నా మీదే పడ్డాయి.

పాట అయింది. ఐస్‌క్రీం కుర్రాడు వచ్చి తరవాతి బ్యాండు గురించి చెప్పాడు. చదివింపు లేదు. నేను స్టేజీ వెనక్కి వెళ్ళాను. అక్కడ తాడు కట్టి ఉంది. పొద్దున్న చేతికి పట్టీ చుట్టిన అమ్మాయి ఇప్పుడు ఆ తాడు దగ్గర నిలబడింది.

"లోపలికి బ్యాండ్స్, ఫ్యామిలీస్ మాత్రమే అంకుల్."

"నేను ఫ్యామిలీనేనమ్మా. వాడికి చెప్పు, రాజాం నుంచి మావయ్య వచ్చాడని."

మంచి పిల్ల. వెళ్ళింది. కాసేపటికి వచ్చింది.

"చెప్పాను అంకుల్."

"ఏమన్నాడు?"

"సరే అన్నాడు."

"సరే అని?"

"అంతే అంకుల్. సరే అన్నాడు."

"నవ్వుతూ అన్నాడా, మామూలుగా అన్నాడా?"

"చూళ్ళేదు అంకుల్. అక్కడ లైట్లు లేవు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు."

తాడు అవతల ఎవరి అమ్మో కొడుకు మొహం కొంగుతో తుడుస్తోంది. ఎవరి తండ్రో గిటారు పెట్టె మోస్తున్నాడు. ఫొటోలు తీసుకుంటున్నారు. నేను తాడు ఇవతల నిలబడ్డాను. ఆ అమ్మాయి, "పోనీ మీరు వెళ్ళండి అంకుల్, నేనేం అనను," అని తాడు పైకెత్తింది కూడా. వెళ్ళలేదు. పిలవని చోటికి వెళ్ళడం ఆ రోజు ఒకసారి చేశాను. ఒకే రోజు రెండుసార్లు చెయ్యను. మేనమామ వచ్చాడని తెలిశాక నాలుగడుగులు వేసి బయటికి రావలసింది వాడు.

తరవాతి బ్యాండు ఎక్కింది. అది వాయించినంతసేపూ అక్కడే ఉన్నాను. దిగింది. రాజాం బస్సు వేళవుతోంది. అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే, అలవాటైపోయినట్టు ఉంటుంది. చివరికి అరటిపళ్ళు ఆ అమ్మాయి చేతిలో పెట్టి, బట్టలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను. బట్టలు ఇంకొకరి చేత పంపేవి కావు, చేత్తో పెట్టేవి. బస్సులో చెవులు గుయ్యిమంటూనే ఉన్నాయి. టిక్కెట్టు ఎక్కడికని కండక్టరు రెండుసార్లు అడిగాడట, నాకు వినిపించలేదు. ఎవరో ఒకరు రెండుసార్లు అడిగారు కదా అని సంతోషించాను.

ఆ వారమంతా ఫోను చూసుకున్నాను. నెల చూసుకున్నాను. చెల్లెలు ఉగాదికి చేసింది. పచ్చడి చేసుకున్నావా అంది. ఆ రోజు మాట ఎత్తలేదు. వాడు చెప్పలేదో, చెప్పినా వద్దన్నారో నాకు తెలీదు. నేనూ ఎత్తలేదు. జరిగినదానికి సంజాయిషీ ఇవ్వవలసినవాళ్ళు వాళ్ళు, అడుక్కోవలసింది నేను కాదు.

కొన్నేళ్ళకి బొబ్బిలిలో బంధువుల పెళ్ళిలో వాడు ఎదురుపడ్డాడు. హైదరాబాదులో ఉద్యోగం. గడ్డం లేదు, పిలక లేదు. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "బావున్నావా మావయ్యా?" అన్నాడు. బావున్నానన్నాను. "కొట్టు బాగా నడుస్తన్నాదా?" అన్నాడు. నడుస్తోందన్నాను. డ్రమ్సు వాయించడం మానేశాడట, అద్దె ఇళ్ళలో ఒప్పుకోరట. ఆ మాట అంటున్నప్పుడు నా మొహంలోకి చూసి, ఏదో చెప్పబోయినట్టే పెదవి కొరికాడు. నేను ఎదురుచూశాను. వియ్యాలవారి ఫొటోకి ఎవరో వాణ్ణి కేకేశారు. వెళ్ళిపోయాడు. భోజనాల దగ్గర వాడు నాకు రెండు బల్లల అవతల కూర్చున్నాడు. ఎడమచేత్తో నీళ్ళు తాగుతున్నాడు. వాడివైపు చూశాను. వాడూ రెండుసార్లు ఇటు చూశాడు. అంతే.

ఇదంతా నీకోసమే రాశాను రా. నువ్వు చదువుతావో లేదో తెలీదు. మీ అమ్మ చదివి చెబుతుందేమో. నీ మీద నాకు కోపం ఉంది, అది దాచను. నువ్వు వాయించినది బాగుంది, అదీ దాచను. ఆ మాట ఆ రోజే చెప్పవలసింది, చెప్పే అవకాశం నువ్వివ్వలేదు. నువ్వు కర్ర ఎత్తి చూపించింది నాకా, ఆ చేతులన్నిటికీనా? ఆ అమ్మాయి వచ్చి మావయ్య వచ్చాడని చెప్పినప్పుడు సరే అన్నావే, ఆ సరేకి అర్థం వస్తున్నాననా, ఉండనీ అనా? విని కూడా రాలేదంటే సిగ్గుపడ్డావా, మీ నాన్నకి తెలుస్తుందని భయపడ్డావా, లేక నేను వెళ్ళిపోయాక వచ్చి ఆ తాడు దగ్గర వెతికావా? వెతికి ఉంటే అదైనా చెప్పు. ఏ జవాబైనా నేను తట్టుకుంటాను. జవాబు లేకపోవడం ఒక్కటే నాకు చేతకాదు.

ఫోనులో వద్దు. మీ అమ్మ చేత చెప్పించొద్దు. ఆదివారాలు కూడా కొట్టు తీసే ఉంటుంది. రాజాం రా, నా ఎదురుగా నిలబడి చెప్పు. మావాళ్ళు ఒక్కరైనా ఉంటే బాగుండేదని నువ్వన్నప్పుడు, నేనక్కడ ఉన్నానని నీకు తెలుసా, తెలీదా?